ఫిబ్రవరి ముప్పై ఒకటి

మా బావ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నేనేమన్నా చెల్లిపోతుంది.

ఆయన నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాడు. తన కింద ఉద్యోగులు పరీక్షించిన నీళ్ళని మళ్ళీ తనే పరీక్షిస్తాడు. ఫలితం ఎప్పుడూ అదే వస్తుంది, అయినా సరే. ఇంట్లోనూ అంతే. అక్క మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెడతాడు. ఒకసారి వాళ్ళింట్లో గోడకి మేకు కొట్టిచ్చాను. "చాలా బాగా కొట్టావురా" అని మెచ్చుకుని, నేను మెట్లు దిగేలోపే దాన్ని పీకి అంగుళం పక్కన కొట్టాడు. ఆ చప్పుడు నాకు కిందికి వినిపించింది. మెచ్చుకోకుండా పీకి ఉంటే అంత మండేది కాదు.

అక్కకి లైబ్రరీలో ఉద్యోగం. పన్నెండేళ్ళ క్రితం రిజిస్టర్లు రాసి రాసి చేతులు పడిపోతున్నాయని ఆమె అంటే, బావ కూర్చుని ఒక ప్రోగ్రాం రాసిచ్చాడు. ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పటికి తిరిగివ్వాలి, అన్నీ అదే చూసుకుంటుంది. చీటీ కూడా అచ్చేసి ఇస్తుంది. దాన్ని ఆయన దాచుకోలేదు. లోపలి కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. తప్పు కనిపిస్తే సరిదిద్ది పంపొచ్చు, బావ ఒప్పుకుంటే అది ప్రోగ్రాంలో కలుస్తుంది. ఇప్పుడు నూట నలభై లైబ్రరీలు దాని మీద నడుస్తున్నాయి. వాడుకునేవాళ్ళు అంతమంది, చూసుకునేవాడు మా బావ ఒక్కడు.

ఎవరూ రాక కాదు. కొత్తవాళ్ళంటే ఆయనకి ప్రాణం. వాళ్ళకోసం నలభై మూడు పేజీల స్వాగతపత్రం రాసిపెట్టాడు. మొదటి పేజీలో 'భయపడకండి' అని ఉంటుంది. మిగతా నలభై రెండు పేజీల్లో దేనికి భయపడాలో ఉంటుంది. వాళ్ళకి చెయ్యి తిరగడానికని తేలికైన తప్పులు పదకొండు ఏరి, వాటికి 'కొత్తవారికి' అని పేరు పెట్టి పక్కన ఉంచాడు. వాటిని తను ముట్టుకోడు.

ఆ పదకొండిట్లో ఒకటి మా అక్క ప్రాణం తీస్తోంది. లైబ్రరీలో పుస్తకం నెలకి ఇస్తారు. ప్రోగ్రాం ఆనాటి తేదీకి ఒక నెల కలిపి ఊరుకుంటుంది. జనవరి ముప్పై ఒకటిన తీసుకున్నవాళ్ళని ఫిబ్రవరి ముప్పై ఒకటిన తిరిగివ్వమంటుంది. రిటైరైన ఒక హెడ్మాస్టరుగారు అలాంటి చీటీతో కోటల చరిత్ర పుస్తకం పట్టుకెళ్ళి మూడేళ్ళయింది. అక్క అడిగినప్పుడల్లా జేబులోంచి చీటీ తీసి చూపిస్తారు.

"మీరేసిన తేదీయే కదమ్మా. ఆ రోజు రానివ్వండి, పొద్దున్నే తెచ్చిస్తాను."

అక్క ఇంటికొచ్చి బావ మీద పడేది. "అయిదు నిమిషాల పని కదండీ, సరిచేసెయ్యండి."

"నేనే చేసేస్తే కొత్తవాళ్ళకి ఏం మిగులుతుందే?" అనేవాడు బావ.

కొత్తవాళ్ళు వచ్చేవారు, వెళ్ళేవారు. కిందటేడు ఒక కాలేజీ అమ్మాయి పదకొండిట్లో ఒకటి సరిదిద్ది పంపింది. బావ పొంగిపోయాడు. 'చాలా బాగుంది' అని రాసి, దాని కింద ఇరవై ఆరు సూచనలు రాశాడు. పాపం ఆ పిల్ల ఇరవై ఆరూ పాటించింది. అప్పుడు ఆమె శ్రమ తగ్గిద్దామని బావ మొత్తం తన పద్ధతిలో మళ్ళీ రాసుకుని, ఆమె పేరుతోనే కలిపాడు. ఆ అమ్మాయి మళ్ళీ కనిపించలేదు. అలా పన్నెండుమంది. "ఈ కాలం వాళ్ళకి ఓపిక లేదురా" అని నాతో అన్నాడు. నేను గోడ మీది మేకు వైపు చూశాను. ఆయన చూడలేదు.

నాది కళ్ళద్దాల కొట్టు. జనవరిలో ఒకరోజు వాళ్ళింటికి వెళ్తే, బావ కిటికీ ఊచలు వంగిపోయాయని వెల్డింగ్ మనిషిని పిలిపించి నిలబెట్టాడు. ఊచలు తిన్నగానే ఉన్నాయి. ఆ మనిషి ఊచలకేసి, బావకేసి మార్చి మార్చి చూస్తున్నాడు. తిన్నగా ఉన్నవి వంకరగా కనిపిస్తే తప్పు కంటిదేనని నా కొట్టు నాకు నేర్పింది. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కంటి లోపలి పొరలో చిల్లు, రెండో కంట్లోనూ మొదలవుతోందని చెప్పారు. మార్చి మధ్యలో ఒక కంటికి ఆపరేషన్, తర్వాత ఇంకోదానికి. ఆ పైన మూడు నెలలు కంప్యూటర్ వైపు చూడకూడదు.

బావకి కళ్ళ దిగులు కన్నా ప్రోగ్రాం దిగులు ఎక్కువైంది. మూడు నెలల్లో ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి చెడుతుంది. నూట నలభై లైబ్రరీలు అడిగితే పలికేవాళ్ళుండరు. ఆరు వారాల్లో ఒక్క మనిషి నిలబడాలి. ఆయన వెంటనే నడుం కట్టి, స్వాగతపత్రాన్ని యాభై ఒక్క పేజీలు చేశాడు.

అక్క దారి వేరు. జనవరి ముప్పై ఒకటిన లైబ్రరీలో ప్రోగ్రాంలు రాయడం నేర్పే పుస్తకమొకటి తీసి, తన పేరు మీద తనే ఇచ్చుకుంది. గడువు ఫిబ్రవరి ముప్పై ఒకటి. "తొందరేం లేదుగా" అని నాకు చీటీ చూపించి నవ్వింది.

నెలరోజులు భోజన విరామంలో చదివింది. అర్థం కానివి నన్ను అడిగేది, నాకు అసలే అర్థం కాక ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్ళం. మార్చి మొదట్లో అయిదు లైన్లు రాసింది. నెలలో ఆ రోజు లేకపోతే, ఉన్న ఆఖరి రోజే గడువు. పైన వివరణగా ఒక మాట కూడా చేర్చింది: 'లేని రోజు ఎవరికీ ఇవ్వకూడదు.' తన పేరు చెప్పకుండా, లైబ్రరీ గోడ మీది బోర్డు చూసి, 'నిశ్శబ్దం' అనే పేరుతో పంపింది.

ముందుగదిలో బావ కేకేశాడు. "ఒరేయ్, కొత్తమనిషి."

అక్క పడగ్గదిలో పాత లాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను కాఫీ కప్పుతో ఇద్దరి మధ్యా తిరిగాను. 'చాలా బాగుంది' అని వచ్చింది. దాని కింద ముప్పై ఒక్క సూచనలు వచ్చాయి. అయిదు లైన్లకి. అక్క పళ్ళు నూరుతూ నాలుగు రోజులు ఒక్కొక్కటే జవాబిచ్చింది.

"ఈ నిశ్శబ్దంగారెవరో గానీ మాటకి మాట అప్పజెప్తున్నార్రా," అన్నాడు బావ సంబరంగా.

అయిదోరోజు మామూలు మాట రానే వచ్చింది. 'మీకు శ్రమ ఎందుకని నేనే మళ్ళీ రాశాను. మీ పేరుతోనే కలుపుతాను.' అక్క ముఖం ఎర్రబడింది. నేను వద్దంటున్నా వినకుండా రాసేసింది: 'అయిదు లైన్లు రాశాను. అందులో నావి ఒక్కటీ మిగల్లేదు. భోజనం మీరే చేసి నన్ను చెయ్యి కడుక్కోమన్నట్టుంది. నాకన్నా ముందు పన్నెండుమంది వెళ్ళింది ఓపిక లేక కాదు. నేను రాసినట్టే తీసుకుంటే ఉంటాను, లేకపోతే పదమూడోదాన్ని నేనే.' పంపేసి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆపరేషన్‌కి ఎనిమిది రోజులుంది. బావ కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చదివింది చెప్పాడు.

"నేను అలాంటివాణ్ణంటావా?"

అక్క తిరగలేదు. "నిన్న ఈ డబ్బాలు ఎలా సర్దాను?"

"చేతికి అందేట్టు."

"ఇప్పుడెలా ఉన్నాయి?"

"ఎత్తు ప్రకారం." కొంచెం ఆగి, "చూడ్డానికి బాగుంటుందని..."

"ఉప్పెక్కడుంది?"

బావ వెతికాడు. అన్నిటికన్నా పొట్టి డబ్బా, అన్నిటికన్నా పై అరలో ఉంది.

"నేను స్టూలెక్కి ఉప్పు తీసుకుంటున్నానండీ. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. అందంగానే ఉంది, కాదనను. నా వంటిల్లు మాత్రం కాదు." పాతికేళ్ళలో అక్క అలా మాట్లాడగా నేను వినలేదు.

బావ ముందుగదిలోకి వెళ్ళాడు. వెనకాలే వెళ్ళాను. అక్క లైన్లు తెర మీద ఉన్నాయి. 'లేని రోజు ఎవరికీ ఇవ్వకూడదు' అన్నచోట ఆయన వేలు ఆగింది. అలాంటి మాట కోడ్‌లో రాయకూడదని స్వాగతపత్రం పంతొమ్మిదో పేజీలో ఉంది. చాలాసేపు చూశాడు. నీళ్ళు పరీక్షించకుండా సంతకం పెడుతున్నవాడిలా కళ్ళు మూసుకుని, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాడు.

మర్నాడు అక్క హెడ్మాస్టరుగారికి కొత్త చీటీ ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, సంచిలోంచి కోటల చరిత్ర తీసి బల్ల మీద పెట్టారు. "ఇంకో పది పేజీలుందమ్మా," అన్నారు నొచ్చుకుంటూ.

ఆపరేషనయ్యాక బావ కట్టుతో, డాక్టరు చెప్పినట్టే తల కిందికి వంచుకుని కూర్చునేవాడు. ఆయన కుర్చీలో అక్క కూర్చుంది. ఒకరోజు మరో కొత్తవాడెవరో వచ్చాడు.

"ఏం రాశావు?" అన్నాడు బావ నేలని అడుగుతున్నట్టు.

"రండి, మీరేం చూశారో చెప్పండి అని రాశాను."

"అంతేనా? పత్రం పంపలేదా?"

"లేదు."

బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "పడగ్గదిలో టైపు చప్పుడు ఆగగానే జవాబొచ్చేది. నిశ్శబ్దం నువ్వేనని మూడోరోజే తెలిసింది," అన్నాడు.

అక్క చేతులు ఆగిపోయాయి. "తెలిసీ ముప్పై ఒకటి రాశారా?"

"ముప్పై ఒకటి మొదటిరోజే అయిపోయాయి. తర్వాత తోచినవి ఇరవై దాచుకున్నాను." తల ఇంకొంచెం వంచాడు. "ఆ ఉత్తరం చదివి తిన్నగా వంటింట్లోకే ఎందుకొచ్చాననుకున్నావు?"

రెండో కన్నూ అయింది. మూడు నెలలూ గడిచాయి. ఆ గడువు తీరిన తర్వాతి వారం నేను వెళ్తే, బావ వంటింట్లో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు. ప్రోగ్రాం చూసుకోవడానికి అక్కతో కలిపి ఇప్పుడు నలుగురున్నారు. ముందుగదిలోంచి ఆమె టైపు చేస్తున్న చప్పుడు వస్తోంది. డబ్బాలు ఆమె పెట్టుకున్నట్టే, ఎత్తుపల్లాలుగా ఉన్నాయి.

బావ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఉప్పూ పంచదారా పక్కపక్కనే పెట్టింది, చూశావా?" అన్నాడు గుసగుసగా.

"చూశాను బావా."

"నువ్వేమీ అనకు," అన్నాడు, రెండు చేతులూ కప్పు చుట్టూ గట్టిగా బిగించుకుని.