స్టీలు గ్లాసులో తెల్ల టీ

ముప్పయ్యేళ్ల పాటు నా నాలుక మీద చుక్క పడకుండా ఆంధ్రదేశంలో ఒక్క టీ పొట్లం బజారుకి వెళ్లలేదు. కళ్లకి గంతలు కట్టి ఒక్క గుక్క నోట్లో పోస్తే చాలు, ఆ ఆకు ఏ కొండ మీద పుట్టిందో, ఎండలో కోశారో మంచులో కోశారో, కోసిన మనిషిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో కూడా చెప్పేస్తాను. ఈ మాట నేను అమెరికాలో, అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంట్లో, ఒక శనివారం భోజనాల దగ్గర పదిమంది ముందు అన్నాను. అందులో నీళ్లెన్నో పాలెన్నో తరవాత చెప్తాను. ముందు, ఎవరి కడుపు మండాలని అన్నానో చెప్పాలి.

మా వియ్యంకుడి కడుపు.

ఆయన కాకినాడలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. రెండువేల పదకొండులో, చలి తగ్గగానే, శాన్ రామన్‌లో ఉన్న పెద్దకొడుకు దగ్గర్నుంచి భార్యతో సహా మా అమ్మాయింటికి దిగాడు, ఆరునెలలకి. అప్పటికి రెండేళ్లుగా నేను ఆ ఇంట్లో కింద గదిలో ఉంటున్నాను. అమెరికా ఇళ్లలో పడకగదులన్నీ మేడమీదే ఉంటాయి. కింద, స్నానాలగదితో కలిపి, ఒక్కటే ఉంటుంది. నా మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. అంచేత ఆ గది నాది. వాళ్లు వచ్చిన నాలుగో రోజున మా అమ్మాయి నా మంచం చివర కూర్చుని, నా మొహం చూడకుండా, "నాన్నా, మావయ్యగారు కింద గది అడుగుతున్నారు" అంది.

ఆయన మెట్లెక్కడం నేను చూశాను. రెయిలింగ్ కూడా ముట్టుకోకుండా పాతికేళ్ల కుర్రాడిలా ఎక్కేవాడు. ఆ మనిషికి కింద గది ఎందుకు? మగపెళ్లివారి దర్జా, అంతే. కూతురింట్లో పడి తింటున్న ఆడపిల్ల తండ్రిని పైకి తరిమి, తను కింద సింహాసనం వేసుకోవాలి. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించాను కూడా, ఎలా ఇవ్వకుండా ఉండాలా అని.

వియ్యాలవారు సూట్‌కేసులో ఆవకాయ తెస్తారు, కాజాలు తెస్తారు. ఈయన టీ డబ్బాలు తెచ్చాడు. శాన్ రామన్‌లో కొడుకు ఆఫీసులో పనిచేసే చైనా ఆయనెవరో అంటించాడట ఈ జబ్బు. రోజూ పొద్దున్న వంటింటి గట్టు మీద పూజ మొదలయ్యేది. ఒక మూత కప్పు, ఒక గాజు చెంబు, పంచపాత్రలో సగం కూడా లేని బుల్లి పింగాణీ కప్పులు, నీళ్లలో ముంచి చూడడానికి ఒక థర్మామీటరు. తెల్ల టీకి మరిగే నీళ్లు పోస్తే పాపం. కాచిన నీళ్లు కాసేపు ఆరాలి. నల్ల టీకి తెర్లే నీళ్లే కావాలి. "మనం నలుపంటాం గానీ చైనావాళ్లు దీన్ని ఎర్ర టీ అంటారు బావగారూ. మనం ఆకుని చూస్తాం, వాళ్లు నీళ్లని చూస్తారు" అని, నేను అడక్కపోయినా చెప్పేవాడు.

ముందు గాజు చెంబుని కిటికీ వెలుగుకి ఎత్తి రంగు చూసేవాడు. తరవాత కప్పు మూత తీసి, మొదట భార్య ముక్కు దగ్గర పెట్టేవాడు. ఆవిడ మెల్లిగా రెండు ముక్కలు చెప్పేది. ఎండుగడ్డి, కీరదోస తొక్క. లేకపోతే, కాల్చిన చిలగడదుంప. అప్పుడు ఆ మూత తన ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ రెండు ముక్కల్నీ సాగదీసి మా అల్లుడికి పది నిమిషాల లెక్చరిచ్చేవాడు. పెళ్లాం ముక్కుని కూడా కట్టుబానిసని చేసుకున్న మనిషి అనుకున్నాను. ఆవిడ మీదా నాకు సదభిప్రాయం లేదు. పొద్దున్న ఆలస్యంగా దిగేది. ఒకసారి దిగిందంటే రాత్రి భోజనాలయ్యేదాకా మళ్లీ పైకి వెళ్లేది కాదు. వంటింటి మీద పెత్తనం అని లెక్కవేశాను.

నేను తాగేది డస్టు టీ. పాలలో వేసి, అల్లం దంచి, పొంగించి, రెండు గ్లాసుల్లో తిరగబోసుకుని తాగుతాను. "బావగారిది టీ కాదండీ, అల్లం పాయసం" అన్నాడు ఒకరోజు, వినయంగా. గోదావరి వాళ్లు కత్తి దించేటప్పుడు కూడా 'అండీ' అంటారు. ఇంకోరోజు నేను పొయ్యి మీద పాలు పెట్టి స్నానానికి వెళ్లాను. ఆయన పదడుగుల దూరంలో కూర్చుని లాప్‌టాప్‌లో పేపరు చదువుకుంటున్నాడు. పాలు పొంగి, ఇంకి, గిన్నె మాడి, స్మోక్ అలారం గోలపెట్టేదాకా తల ఎత్తలేదు. నా గిన్నె మాడాలని పనిగట్టుకుని కూర్చున్నాడని మా అమ్మాయితో అన్నాను. ఆ అమ్మాయి గిన్నె తోముకుంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒక మధ్యాహ్నం వాళ్లందరూ దేసీ స్టోర్‌కి వెళ్లినప్పుడు నేను ఆయన డబ్బా తెరిచాను. వెండి సూదులట దాని పేరు. నిజంగానే సూదుల్లా ఉన్నాయి మొగ్గలు, ఒక్కోదాని మీద పిల్లి చెవి మీద ఉండేలాంటి నూగు. ఆయన చేసినట్టే చేశాను, థర్మామీటరుతో సహా. మొదటి గుక్కకి ఏమీ లేదు. టీ గురించి ఎవరో చెప్పగా విన్న వేడినీళ్లలా ఉంది. నవ్వుకుంటూ కప్పు కడిగేశాను. కడుగుతుండగా, గొంతు వెనకాల, ముంజ కొరికితే చిమ్మే నీళ్ల లాంటి తీపి ఒకటి మెల్లిగా లేచింది. లేచి, చాలాసేపు పోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. బాగుండకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఇక ఆ శనివారం. మా అల్లుడి స్నేహితులు నలుగురైదుగురు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, భార్యలతో భోజనానికి వచ్చారు. హెచ్-వన్ వీసా కబుర్లు అయ్యాక గదుల మాట వచ్చింది. ఎవరో అమ్మాయి, అంకుల్‌గారికి మెట్లు కష్టం కదా, కింద ఉండడమే నయం అంది నా గురించి. మా వియ్యంకుడు నవ్వాడు. "ఆడపిల్ల తండ్రి కింద ఉంటేనేం, పైన ఉంటేనేం అమ్మా. ఎక్కడున్నా అల్లుడిగారి ఇల్లే కదా" అన్నాడు.

పెరుగన్నం ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. అప్పుడే, ఆ మంటలోనే, నా నాలుక గురించి పైన రాసిన గొప్పలు బయటికొచ్చాయి. అవి విని ఒకతను, "అంకుల్, మీరు ప్రొఫెషనల్ టేస్టరా? సీరియస్‌గా?" అన్నాడు. నేను తలూపి, వియ్యంకుడి వైపు తిరిగి, ఒక పందెం పెడదామన్నాను. నాలుగు గ్లాసులు, కొన్ని తెల్ల టీ, కొన్ని నల్ల టీ, ఎన్నెన్నో చెప్పరు. ఏది తెల్లదో ఏది నల్లదో చెప్తే చాలు, పేర్లక్కర్లేదు. గెలిచినవాడిది కింద గది. చిన్నపిల్లల ఆటలా ఉంది బావగారూ అన్నాడు ఆయన. అయితే ఆడండి అన్నాను. పదిమందీ చూస్తున్నారు. ఆయన ఒకసారి భార్య వైపు చూసి, సరే అన్నాడు.

వచ్చే శనివారం రాత్రికి షరతులన్నీ నావే. రంగు చూసి చెప్పేవాడు టేస్టరా అని గాజు చెంబూ పింగాణీ కప్పులూ తీయించేసి స్టీలు గ్లాసులు పెట్టించాను, మూతలతో. మూత తీసినా లోపలి రంగు తెలియకుండా దీపాలు తగ్గించమన్నాను. మా అమ్మాయి కాచాలి, మావయ్యగారి పద్ధతిలోనే, డిగ్రీ కూడా తేడా రాకూడదు. భార్యల సలహా చెల్లదు కనక ఆవిడ హాల్లో సోఫాలో కూర్చోవాలి. నా భార్య పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. సలహా చెప్పే మనిషి ఉన్నది ఆయనకే. ఆఖరి మాట మగపెళ్లివారిది కావాలి కాబట్టి నేను ముందు, ఆయన తరవాత. ఎవరి నాలుగు గ్లాసులు వాళ్లవి, ఎంగిలి గొడవ లేకుండా.

ఇప్పుడు నిజం చెప్తాను. ముప్పయ్యేళ్లు కాదు, పదకొండు. టేస్టర్ని కాదు, బెజవాడలో ఒక టీ పొట్లాల గోడౌన్‌లో స్టోరు గుమాస్తాని. మూడు నెలలకొకసారి నీలగిరుల్లోని కూనూరు నుంచి ఒక టేస్టరు వచ్చేవాడు. తెల్ల కప్పులు వరసగా పెట్టి, చెంచాతో సర్రుమని పీల్చి, పుక్కిలించి, ఉమ్మేసి, ఒక మాట చెప్పేవాడు. ఆ మాట పుస్తకంలో రాసుకోవడం ఒక చేత్తో, ఆయన ఉమ్మడానికి తమ్మపడిగ పట్టుకోవడం ఇంకో చేత్తో, ఇదీ నా ఉద్యోగం. నా నాలుక సంగతా, నలభయ్యేళ్లు జర్దా కిళ్లీతో మొద్దుబారిపోయింది. దానికి అల్లం తెలుస్తుంది, పంచదార తెలుస్తుంది. వెండి సూది తీపి ఒక్కసారి దాన్ని ఎలా లేపిందో నాకిప్పటికీ తెలియదు. పందెం వేళకి లేస్తుందన్న నమ్మకమైతే లేదు.

అందుకే స్టీలు గ్లాసులు. ఆయన సూత్రం ప్రకారం తెల్ల టీకి ఆరిన నీళ్లు, నల్ల టీకి తెర్లే నీళ్లు. పింగాణీలో అది తెలియదు. స్టీలు దాచదు. మా అమ్మాయి గ్లాసులు తెచ్చి పెట్టగానే ఒక్కోటీ వేళ్లతో పట్టుకున్నాను. చుర్రుమంటే నల్లది. ఓర్చుకోగలిగితే తెల్లది. మిగతాదంతా నాటకం. సర్రుమని పీల్చాను, పుక్కిలించాను, మా అమ్మాయి సలాడ్ గిన్నెలో ఉమ్మాను, కళ్లు మూసుకుని కూనూరాయన మాటలు నాలుగు వల్లించాను. గ్లాసుకి నాలుగైదు నిమిషాలు పట్టించాను, ఆయన గ్లాసులన్నీ ఒక్క తీరున చల్లారిపోవాలని. నాలుగూ సరిగ్గా చెప్పాను. సాఫ్ట్‌వేర్ పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆయన మొదటి గ్లాసు తాగి నల్లదన్నాడు. అది తెల్లది. రెండోది చాలాసేపు నాలుక మీద పెట్టుకుని నల్లదన్నాడు, అది ఒప్పే. మూడోది మళ్లీ తప్పు. నాలుగోది పైన్ కట్టెల పొగలో ఆరబెట్టిన నల్ల టీ. మా అమ్మాయి దాన్ని కాచినప్పుడే ఇల్లంతా దాలిలో కాగిన పాల వాసన కొట్టింది. నా మొద్దు ముక్కుకి కూడా అందింది. ఆయన మూత తీశాడు, గుక్క తాగాడు, హాలు వైపు చూశాడు. "తెల్లది. వెండి సూది" అన్నాడు.

ఒకతను నవ్వబోయి ఆపుకున్నాడు. వియ్యంకుడు గ్లాసు దించి, గట్టు మీద పడ్డ తడి వలయాన్ని కండువా చెంగుతో తుడిచాడు. "గది మీదే బావగారూ" అని లేచి మెట్లెక్కాడు. మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నేను కింద నుంచి ఒక్కో మెట్టూ ఆయనకి వినపడేలా లెక్కపెట్టాను. పన్నెండు.

ఆ తరవాత ఉన్నన్నాళ్లూ ఆయన ఆ మూత కప్పు బయటికి తీయలేదు. డబ్బాలు గట్టు మీదే ఉండిపోయాయి. ఒకరోజు ఆవిడ చూస్తుండగానే వెండి సూదులు గుప్పెడు తీసి పాలలో వేసి, అల్లం దంచి ఉడకబెట్టాను. అల్లం తప్ప ఏమీ తెలియలేదు. అయినా గ్లాసు నిండా తాగాను.

ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను. వేళ్లతో పట్టుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య వాళ్లు మళ్లీ వచ్చారు. కింద గదిలో నేనే ఉన్నాను. ఆయన మధ్యాహ్నం పైన పడుకున్నప్పుడు, వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆవిడకి ఇక్కడిదాకా రాసింది చదివి వినిపించాను. దొంగతనం నేనే ఒప్పుకున్నాను కదా, నవ్వుతుందనుకున్నాను. ఆవిడ చేతిలో కాయ పూర్తి చేసింది.

"వేళ్ల సంగతి ఆయన ఆరోజే కనిపెట్టారు అన్నయ్యగారూ" అంది. "ఆయనకి వాసన పోయి అప్పటికి మూడేళ్లండీ. శాన్ రామన్‌లో జొరం వచ్చింది, తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. పాలు మాడినా తెలియదు, పొగొచ్చినా తెలియదు. పిల్లలకి చెప్పొద్దన్నారు. నా ముక్కుతో నెట్టుకొచ్చారు. ఆ పూట నన్ను తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టారు మీరు."

నాకెలా తెలుస్తుందమ్మా అన్నాను. ముక్కు లేనివాడు పందానికి ఎందుకు ఒప్పుకోవాలి, గది మీద అంత మోజేమిటి అని కూడా అన్నాను. ఆవిడ ఇంకో కాయ అందుకుంది.

"మోజు ఆయనది కాదండీ. కింద గది అడగమన్నది నేను. మోకాళ్లు పోయింది నాకు. మీరు రాసిన దాంట్లో మెట్లెక్కింది ఆయనొక్కరే. ఆయన వెనకాల ఆరునెలలూ నేను ఎక్కాను. అవి పన్నెండు కాదు అన్నయ్యగారూ, పదహారు."