నీళ్ల పని రాదట

ఆ మనిషి మీద కోపం నాకు ఇన్నేళ్లయినా చల్లారలేదు. చల్లారాలని నేనూ కోరుకోలేదు.

2006లో దుబాయ్‌లో ఒక చిన్న యానిమేషన్ ఆఫీసులో చేరాను. ఇంటర్నేషనల్ సిటీ అనే పేట నుంచి నలుగురం ఒకే కారులో వెళ్లేవాళ్లం. మొదటి ఆరు నెలలు పరీక్షగా పెట్టుకున్నారు. ఆ తర్వాత మా టీము పెద్ద నా పని బాగుందని రాసిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఖలాస్. ఆ పెద్ద మనవాడే, గుంటూరు వైపు మనిషి. "మన తెలుగమ్మాయివి, నీకేం భయం లేదమ్మా" అన్నాడు మొదటిరోజు. నమ్మాను చూడండి, నా అంత వెర్రిబాగులది ఇంకొకతె ఉండదు.

పని ఏమిటంటే, సముద్రం ఒడ్డున కట్టబోయే ఒక హోటల్‌కి ప్రకటన. అలలోంచి నీళ్లు లేచి దల్లాగా మారాలి. దల్లా అంటే అరబ్బులు కాఫీ పోసే కూజా, పొడుగాటి వంకర ముక్కుతో ఉంటుంది. ఆ ముక్కులోంచి నీళ్లు మళ్లీ సముద్రంలోకే ధారగా పడాలి. కంప్యూటర్లో నీళ్లని బొమ్మలా గీయరు. బరువెంతో, చిక్కదనమెంతో చెప్పి వదిలేస్తే తమకి తోచినట్టు పారతాయి. వాటిని దారికి తేవడానికి దల్లా ఆకారం నిండా కంటికి కనపడని చుక్కలు పెట్టాను. ఆ చుక్కలు నీళ్లని లాగుతాయి. గట్టిగా లాగితే నీళ్లు గాజులా బిగుసుకుపోతాయి. మెల్లగా లాగితే సగంలోనే జారిపోతాయి. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో తెలియడానికి రెండు నెలలు పట్టింది.

ఆ లెక్కలన్నీ ఒక రూళ్ల పుస్తకంలో వెనక పేజీల నుంచి రాసుకునేదాన్ని. ముందు పేజీల్లో మా అత్తయ్య చెప్పిన వంటలుండేవి. ఒకరోజు టీము పెద్ద వచ్చి దాన్ని నా బల్ల మీంచి తీసి మొదటి పేజీ తెరిచాడు.

"గుత్తి వంకాయా! ఆఫీసుకి వంటల పుస్తకం మోసుకొస్తున్నావేంటమ్మా?" అని పదిమందీ వినేలా నవ్వి, బల్ల మీద పడేశాడు.

ఆ మరుసటి వారం జ్వరమొచ్చి నేను సెలవు పెట్టాను. నా కంప్యూటర్లో ఉన్నదంతా ఆయన తన దాంట్లోకి ఎక్కించుకున్నాడు. నేను చేసిన చిన్న నమూనాని ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి చూపించి, తనే చేశానన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. తిరిగొచ్చేసరికి నన్ను ఖర్జూరం చెట్ల బొమ్మలకి మార్చాడు. అంతటితో ఆగినా సరిపెట్టుకునేదాన్నేమో. నా ఆరు నెలల కాగితం మీద "నీళ్ల పని రాదు" అని రాశాడు. నా నీళ్లు దొంగిలించి, నాకే నీళ్ల పని రాదట! బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. మొహం కడుక్కుంటూ, వీడి సంగతి చూడందే ఈ ఆఫీసు వదలకూడదనుకున్నాను.

ఎక్కువ రోజులు ఆగక్కర్లేకపోయింది, నా ఆరు నెలలు తీరకముందే సమయమొచ్చింది. హోటల్ వాళ్లకి నమూనా చూపిస్తూ, "ఇదే ఇంకా స్పష్టంగా వస్తుంది, అంతే తేడా" అని ఆయన మాటిచ్చాడు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. నమూనాలో నీళ్లని పెద్ద పెద్ద గళ్లుగా లెక్కవేస్తాం. స్పష్టంగా రావాలంటే గళ్లు సన్నం చేయాలి. సన్నం చేశామా, అవి వేరే నీళ్లయిపోతాయి. పాత లాగుడు వాటి దగ్గర పనిచేయదు, అంతా మళ్లీ చూసుకోవాలి. నలుగురికి చేసే పులుసులో ఉప్పుని వందతో హెచ్చవేసి పెళ్లి గుండిగలో పోస్తే ఏమవుతుందో వంట చేసేవాళ్లనెవరినడిగినా చెబుతారు.

ఆయన గళ్లు సన్నం చేసి లాగుడు పాతదే ఉంచాడు. మిషన్లు మూడు రోజులు లెక్కవేశాయి. ఆ మూడు రోజులూ నేను ఖర్జూరం ఆకులు సర్దుకుంటూ, కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయాను. నాలుగో రోజు పొద్దున హోటల్ వాళ్లని కూచోబెట్టి తెర మీద వేశారు. నీళ్లు లేచాయి. పొట్ట వచ్చింది, మెడ వచ్చింది. ముక్కు మాత్రం రాలేదు. అది రావలసిన చోట నాలుగు బొట్లు కారి కింద పడ్డాయి.

"యే క్యా హై? లోటా?" అన్నాడు ముదీర్.

చెంబే! అచ్చంగా చెంబు. దాన్ని ఎక్కడికి పట్టుకెళతారో గల్ఫ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. హోటల్ వాళ్లలో ఒకాయన నవ్వాపుకోలేక బయటికి వెళ్లాడు. ముదీర్ మిగతావాళ్లని కూడా టీకి పంపేసి, "యల్లా, అభీ ఠీక్ కరో" అని ఇప్పుడే సరిచెయ్యమన్నాడు. మా పెద్ద మౌసు పట్టుకున్నాడు. ఏం నొక్కాలో తెలియక నా వైపు చూశాడు. ఆ చూపు కోసమే నేను కాచుక్కూచున్నాను.

"మై కరూంగీ సార్, ఏక్ హఫ్తా" అని వారం గడువడిగి లేచాను. నాకు నీళ్ల పని రాదని ఈయనే రాసిచ్చారు కాబట్టి ముందు ఆ కాగితం సంగతి తేల్చమని కూడా హిందీలో చెప్పాను.

ముదీర్ కాగితం తెప్పించాడు. నమూనా ఎవరు చేశారని ఆయన్ని ఒకే ఒక్కసారి అడిగాడు. ఆయన కాగితం తన ముందుకి లాక్కున్నాడు. ముదీర్ కలం చేతికిచ్చాడు. పాత మాట కొట్టేసి, ఆ నీళ్లు నేనే చేశానని, నన్ను ఉద్యోగంలో ఉంచమని ఆయన తన చేత్తో రాశాడు. కళ్లార్పకుండా చూశాను. కుక్క కాటుకి చెప్పుదెబ్బ.

అన్నట్టే వారంలో దల్లాకి ముక్కు తెప్పించాను. ఆ సాయంత్రం మా పెద్ద నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమ్మా, ఆ లెక్కలు ఎక్కడన్నా రాసుకున్నావా? ఒక్కసారి చూసిచ్చేస్తాను."

సిగ్గన్నా ఉండాలి కదండీ! రూళ్ల పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"అన్నీ ఇందులోనే ఉన్నాయి సార్."

గుత్తి వంకాయ చూశాడు. పేజీ తిప్పాడు. చింతకాయ పచ్చడి, ఉలవచారు, చేపల పులుసు. ఆటపట్టిస్తున్నాననుకున్నాడేమో, మొహం కందగడ్డ చేసుకుని పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తిరగేసి చూడలేదు.