ఒడిబియ్యం పెట్టె అటకెక్కిన ఏడాది

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పాలుంటే దించి రండి, మధ్యలో లేస్తే నాకు మళ్లీ మొదటి నుంచి ఏడుపొస్తుంది. నేను చెప్పబోయేది సర్వనాశనం కథ. ఊళ్లేమీ కొట్టుకుపోలేదు గానీ, మా ఇంట్లో ఒక ఇనప పెట్టె మునిగింది, అదీ చుక్క నీళ్లు లేకుండా. ముంచింది ఎవరో కాదు, నేనే.

మాది సూరత్‌లో భేస్తాన్. మా ఆయన సాంచాలు నడుపుతాడు, అంటే కరెంటు మగ్గాలు. కరోనా వచ్చిన ఏడాది, లాక్‌డౌన్‌కు కాస్త ముందే మా లావణ్య పెళ్లి చేశాం. అల్లుడి వాళ్లుండేది మా పక్కపేట ఉన్‌లో. వియ్యపురాలు సత్తెమ్మ ఒదినె మంచి మనిషే, కాకపోతే ఆచారం దగ్గర పోలీసు. పెళ్లిలో వక్క ఒకటి తక్కువైతే నాలుగు వాడల్లో ఆ సంగతి తెలిసిపోయింది.

పెళ్లయ్యాక బేసి నెల చూసి ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయడం మా ఆనవాయితీ. పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ ఒళ్లో పోస్తాం. దానికని మా తమ్ముడు సిద్దిపేట నుంచి కుడుకలు, పసుపు, పరమాన్నంలోకి బెల్లం ముద్దలు ముందే పంపించాడు.

వాటన్నిటికీ మించింది చీర. మా అమ్మ గుంటమగ్గం మీద నేసిన ఆఖరి చీర. చిలకపచ్చ ఒళ్లు, మిరపపండు అంచు. ఆ తర్వాత ఆమె చూపు పోయింది, మగ్గం పోయింది, కొన్నాళ్లకు ఆమే పోయింది. పోయే ముందు నా చేతిలో పెట్టి, "మనుమరాలి ఒడిబియ్యానికి కట్టియ్యే" అంది. రోజంతా మైళ్ల కొద్దీ గుడ్డ నేసే ఇల్లు మాది. అందులో చేత్తో నేసింది ఆ ఒక్కటే.

ఇంతలో లాక్‌డౌన్ పడింది. సాంచాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు లేకపోతే మా ఆయనకు నిద్ర పట్టేది కాదు, పక్కనున్న నాకూ పట్టేది కాదు. ఎండలు ముదిరాక, ఊరికి రైలు వేశారంటే వెళ్లిపోదామనుకున్నాం. ఆ గుంపులో పెట్టె మోసుకుపోలేం. గదిలో వదిలేద్దామంటే వానాకాలం మోకాలి దాకా నీళ్లొస్తాయి.

మా ఎదురింటి కాంతాబెన్ గుజరాతీ ఆమె. వాళ్లాయనకు టెంపో ఉంది, టెంపోకో గ్యారేజీ ఉంది, గ్యారేజీలో చెక్కల అటక ఉంది, అటక నెత్తిన ఇనప రేకులున్నాయి. ఆ రేకులను బాగా గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం పెట్టుకోలేదు.

"కాంతాబెన్, మా పెట్టె జర మీ దగ్గర పెడ్త."

"రఖో నే, బెన్! ఘర్ మే అల్మారీ ఖాలీ హై." ఇంట్లో బీరువా ఖాళీగా ఉందట.

"అల్మారీల వద్దు. అటక మీద పెడ్త."

"ఉపర్? ఉపర్ తో భఠ్ఠీ ఛే!" అని ఆమె రెండు చేతులూ చెంపలకేసుకుంది. పైన కొలిమి అని చెబుతోంది పాపం.

మా ఆయన కూడా అందుకున్నాడు. "మంచిగ చెప్తున్నది గదనే. సల్లగ అల్మారీల పెట్టరాదు?"

"ఒడిబియ్యం సామాను కాళ్లకాడ పెడ్తరా ఎవలన్న? ఎంత మీదుంటే అంత మర్యాద. మా అమ్మ దూలానికి కట్టేది."

"మీ అమ్మది పెంకుటిల్లు. ఇవి రేకులు."

"నీకు సాంచ తప్ప ఏం తెల్వదు. ఊకో!"

ఊకున్నాడు. ఆ ఒక్కరోజు నా మాట వినకపోయి ఉంటే ఈపాటికి గుడి కట్టించేదాన్ని ఆయనకు.

ఇక నా సర్దుడు చూడాలి మీరు. ఒడిబియ్యం సామాను విడదీయకూడదని అన్నీ ఒకే పెట్టెలో పెట్టాను. అడుగున చీర. మడత చెదరకుండా దాని మీద బరువుగా బెల్లం ముద్దలు. బెల్లం మీద కుడుకలు. సందుల్లో పసుపు పొట్లాలు. మూత వేసి, బజారులో చీరల డబ్బాలకు వేసే టేపు చుట్టూ ఏడు పొరలు తిప్పి, పైన శానిటైజర్ చల్లి, బొట్టు పెట్టాను. "చీమ దూరదు, కరోనా అసలే దూరదు" అన్నాను గొప్పగా. లోపలున్నది బయటకు వస్తుందేమో అన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఫోన్లో ఒకటే డప్పు. సత్తెమ్మ ఒదినె, "ఏందొదినే, బియ్యం పోసుడుందా లేదా? నెలలు పోతున్నయ్" అంటే, "రానియ్ ఒదినే, మా అమ్మ చీర జూస్తే నీ కండ్లు చెదురుతయ్" అనేదాన్ని. చెదిరాయి మరి.

దసరా పోయాక తిరిగొచ్చాం. మంచిరోజు చూసుకుని పొద్దున్నే వియ్యపురాలు, లావణ్య మాస్కులు కట్టుకుని ఆటో దిగారు. ముందు రోజే పెట్టె తీసి చూసుకోవచ్చు కదా అంటారు మీరు. అందరి ముందు తెరవాలని ముచ్చట! ముచ్చట ఉన్నచోట బుద్ధి ఉండదు.

గ్యారేజీ తలుపు తీస్తూ కాంతాబెన్ అంది, "బెన్, తమారీ పేటీ మాంథీ మీఠీ సుగంధ్ ఆవే ఛే." పెట్టె నుంచి కమ్మటి వాసన వస్తోందట.

"దేవుడి సామాను గదా" అన్నాను నేను, పొంగిపోయి.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. మేం పోయాక ఎండలున్నన్నాళ్లూ టెంపో నెత్తిన ఏదో నూనె చుక్కలు పడుతుంటే వాళ్లాయన బండి పాడైందనుకుని మెకానిక్‌తో ఇంజను విప్పించాడట. ఇంజనులోది నెత్తి మీదికెలా వస్తుందని ఎవరూ అడగలేదు. నేను అప్పుడు కూడా గ్రహించలేదు చూశారా!

మా ఆయన నిచ్చెనెక్కి పెట్టె లాగాడు. రాలేదు. చెక్కకు అంటుకుపోయింది. "గిదేందే, మొలిచిందా?" అంటూ గడ్డపారతో లేపి దించాడు. టేపు కోసి మూత ఎత్తాను.

దసరా పోయాక సూరత్‌లో ఘారీ అని ఒక మిఠాయి తింటారు, నెయ్యిలో మునిగి తేలుతూ ఉంటుంది. పెట్టెడంత ఘారీని ఊహించుకోండి. బెల్లం కరిగి పారి మళ్లీ గట్టిపడింది. కుడుకలు తమ నూనె మొత్తం కక్కేసి చెప్పుల అట్టల్లా తేలాయి. పసుపు ఆ రెండింటికీ రంగేసింది. మీదంతా చీమల సంత.

"చీరేదొదినే?" అంది సత్తెమ్మ ఒదినె.

నేను లోపలికి చెయ్యి పెట్టి తోడాను. ముద్ద వచ్చింది.

"ఇదేనా కండ్లు చెదిరేది?"

"ఒదినే, జర ఆగు. ఉతికితే పోతది."

"కుంకుడుకాయ పెట్టు" అంది ఒదినె.

"బేసన్ లగావో" అంది కాంతాబెన్, శనగపిండి రుద్దమని.

"ఏదన్న పెట్టు గని వేడినీళ్లు పోయకే" అన్నాడు మా ఆయన. "పాత రంగు. అంచు దిగుతది."

"బెల్లం కరగాలంటే వేడినీళ్లు గాక మంచు పెడ్తరా?" అని మరిగిన నీళ్లు గుమ్మరించాను. బెల్లం కరిగింది. అంచూ కరిగింది. ఎరుపు పచ్చలోకి దిగి, పచ్చ పసుపులోకి దిగి, చీర వానాకాలం భేస్తాన్ రోడ్డు రంగుకొచ్చింది. కొబ్బరి వాసన మాత్రం చెక్కుచెదరలేదు.

వాకిట్లో తీగ మీద ఆరేసి అక్కడే కూలబడ్డాను. మీరు నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం ఆ తీగ మీద మా అమ్మే కనిపించింది. కండ్లు మసకలు కమ్ముతుంటే తడిమి తడిమి పోగులు అతికిన చేతులు. ఆమె కళ్లు పెట్టి నేసిన చీరను నేను బెల్లం పెట్టి ఉడకబెట్టాను.

"మీదవెట్టమన్నది ఎవలు?" అంది వియ్యపురాలు, నేను లేచి లోపలికి రాగానే.

"ఆచారం ఒదినే!"

"ఆచారం మీద పెట్టుమన్నది, వేయించుమన్నదా?"

మేమిద్దరం అలా తేల్చుకుంటుంటే బయట నుంచి లావణ్య కేక. "అమ్మా! ఆవు!"

"ఆవేందే?"

"అమ్మమ్మ చీర తింటున్నది!"

అది లాక్‌డౌన్‌లో కూరగాయల బండ్లు లేక అట్టపెట్టెలు నమిలి బతికిన ఆవు. దానికి బెల్లంలో ఊరి, కొబ్బరినూనెలో నానిన నూలు దొరికింది. సగం చీర అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. నేనొక కొస పట్టాను, నన్ను లావణ్య పట్టింది. అటు ఆవు, ఇటు మేము. లాగుతున్నాం, లాగుతున్నాం, చీర చిరగదే! నిప్పులాంటి రేకుల కింద నెలలు ఉండి, మరిగే నీళ్లలో ఉడికి, ఆవు పళ్ల మధ్య నలిగి కూడా చిరగదు. మా అమ్మ నేత ఎంత గట్టిదో నేను ఆ రోజు చూశాను. ఏడుస్తూనే గర్వపడ్డాను. చివరికి పర్రుమంది. నేను వెల్లకిలా పడ్డాను. ఆవు మాత్రం కదల్లేదు.

కాంతాబెన్ ఆవుకు దండం పెట్టింది. "గాయ్ మాతాయే స్వీకార్యుం! బహు సారుం శుకన్!" గోమాత స్వీకరించింది, గొప్ప శుభశకునమట.

సత్తెమ్మ ఒదినె గోమాతను తిట్టలేదు, నన్ను తిట్టకుండా ఉండలేదు. నా చేతిలో మిగిలిన ముక్క తీసుకుని మూరేసి చూసింది. "రవికె ఐతది" అంది. "చీర ఏదన్న పెట్టు. రవికె మాత్రం గిదే. ముసలమ్మ చేతి పని పోనియ్యొద్దు."

మా ఆయన సాంచ మీద దిగిన పాలిస్టర్ చీర, కాంతాబెన్ వంటింట్లోని కొబ్బరి, మా అమ్మ రవికె గుడ్డ. అలా పోశాం ఒడిబియ్యం. వెళ్లేటప్పుడు ఒదినె నా చేయి పట్టుకుంది. "ఏడ్వకు. ఈ ముచ్చట నేనెవలకు చెప్ప." సాయంత్రానికల్లా ఉన్ నుంచి నాకు తెలియని వాళ్లు కూడా ఫోన్ చేసి ఆవు ఎట్లుందని అడిగారు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఆవు గడపలో నిలబడి ఉంది. నా ముఖం చూడటం లేదు, నేను కట్టుకున్న చీర చూస్తోంది.

ఆ గోమాత సాక్షిగా, కొంగు నడుముకు గట్టిగా బిగించి ప్రమాణం చేశాను. ఇక నా ఒంట్లో ఊపిరున్నంత వరకు రేకుల కింద ఏ సామానూ పెట్టను, మొగుడు "సల్లగ పెట్టవే" అంటే ఎదురు చెప్పను. రెండోది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేను గానీ మొదటిది ఖాయం.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ ఆడపిల్లల ఒడి ఎప్పుడూ నిండుగా ఉండాలి, మీ పెద్దవాళ్ల చేతి పని మీ పిల్లల ఒంటి మీద పదికాలాలు మెరవాలి.