తిరిగిరాని ముక్కలు

గోదావరిఖనిలో ఒక టైర్ల దుకాణం పైన మాకు అద్దె గది ఉండేది. అందులో నేనూ మా అక్క భర్తా కలిసి గ్యాసు డబ్బాలు తయారుచేసేవాళ్ళం. డబ్బా అన్నం టిఫిను కంటే కొంచెం చిన్నది. భూమి లోపల బొగ్గు తీసే బృందం దాన్ని వెంట తీసుకుపోతుంది. గాలిలో మండే గ్యాసు ఎంత ఉందో దాని తెర మీద అంకె కనిపిస్తుంది, హద్దు దాటితే కూత పెడుతుంది. తీగలు, అతుకులు, పైపెట్టె మా బావ పని. లోపలి చిన్న కంప్యూటరుకు కెర్నల్ రాయడం నా పని.

కెర్నల్ అంటే మిగతా ప్రోగ్రాములన్నిటికీ పెద్దదిక్కు. ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో, పని ముగించినవాడి దగ్గర ఏమేం వెనక్కి తీసుకోవాలో అది చూస్తుంది. ఇవ్వడం సులువు. వెనక్కి తీసుకోవడంలోనే కష్టమంతా ఉంది.

ఈ ఊళ్ళో నన్ను ఇప్పటికీ కొందరు దొర అంటారు. సగం మర్యాద, సగం ఎగతాళి. మా పొలాలు ఎప్పుడో, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గోతిలో కలిసిపోయాయి. భూమి పోయినవాళ్ళకు ఇచ్చిన గని ఉద్యోగాన్ని మా నాన్న వద్దన్నాడు. తట్టా, బొగ్గు ఎత్తే చెమ్మస్ పారా పట్టుకుని ఇంకొకడి ముందు హాజరు మస్టరుకు నిలబడనన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఏమేం అమ్ముకున్నామో ఇక్కడ రాయను. ఆయన మాత్రం చివరిదాకా ఇస్త్రీ లేని చొక్కాతో వీధిలోకి రాలేదు. నేనూ రాను.

చుట్టుపక్కల భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలం ఇది. ఓపెన్‌కాస్టు గోతుల్లో మా డబ్బాతో పనిలేదు. దాన్ని పెట్టి చూస్తామని ఒకే ఒక్క గనివాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళకు నచ్చితే గది నిలుస్తుంది. లేకపోతే ఇంకో గుమ్మం లేదు. బావ కొత్తగూడెంలో ఉన్న ఉద్యోగం మానుకుని నాతో చేరాడు గనక ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

డబ్బాను గనిలోకి పంపకముందే ఒక జబ్బు బయటపడింది. గ్యాసును కొలిచే సెన్సరు తన కొలతలను మెమరీలో ఒక ముక్క మీద నేరుగా రాస్తుంది. కొలత ప్రోగ్రాము ముగియగానే కెర్నల్ ఆ ముక్కను వదలమని సెన్సరును అడగాలి, అది వదిలాక వెనక్కి తీసుకోవాలి. గనిలో చెమ్మ ఎక్కువ. తీగకు తడి తగిలితే సెన్సరుకు కొన్నిసార్లు మా మాట అందదు. ముక్కను వదలదు. మొదట నేను రాసిన పద్ధతిలో కెర్నల్ దాని జవాబు కోసం అక్కడే ఆగిపోయేది. ఒక్క ముక్క రాకపోతే దాని వెనకున్నవేవీ వెనక్కి వచ్చేవి కావు. గదిలో తీగను నీళ్ళలో ముంచి చూశాం. తెర మీద అంకె కదలడం మానేసింది.

బావకు ఒక మార్గం వెంటనే తోచింది. అడిగి చూడు, ఇయ్యకపోతే గుంజుకో, అన్నాడు. గుంజుకోవచ్చు. కానీ సెన్సరుకు ఆ సంగతి తెలియదు. అది పాత చోటనే రాస్తూ ఉంటుంది. ఆ ముక్కను ఈలోగా ఇంకో ప్రోగ్రాముకు ఇచ్చామంటే దాని లెక్కల మీద సెన్సరు గీకుతుంది. అప్పుడు తెర మీద గ్యాసు అంకె ఎంతైనా కావచ్చు. మూగ డబ్బా కంటే అబద్ధమాడే డబ్బా ప్రమాదం. బావ అది ఒప్పుకున్నాడు.

చివరికి నేను కుదిర్చిన పద్ధతి ఇది. సెన్సరును అడగాలి. కొంచెంసేపు చూడాలి. వదలకపోతే ఆ ముక్కకు గుర్తు పెట్టి ఎవరికీ ఇవ్వకుండా పక్కకు పెట్టాలి. దాన్ని దాటి ముందుకు పోయి మిగతావన్నీ శుభ్రంగా వెనక్కి తీసుకోవాలి. సెన్సరుకు మాట మళ్ళీ అందిన వెంటనే కొత్త ముక్క ఇచ్చి పని సాగించాలి. ఎన్ని ముక్కలు అలా పోయాయో తెర మీద చూపించాలి. ఎందుకంటే తీగ బాగా చెడితే ఆ ముక్కలు పెరుగుతూ పోయి, ఒక షిఫ్టులోనే డబ్బాకు చోటు మిగలకపోవచ్చు. డబ్బా పట్టుకున్నవాడికి అది ముందే తెలిస్తే పైకి తెచ్చి మార్చుకుంటాడు.

ఆ అంకె పక్కన ఏ గుర్తు వేయాలన్న మాట వచ్చింది. గనిలో బొగ్గు తీసేసి వదిలిన చోటును గోఫ్ అంటారు. పైకప్పు కూలకుండా ఆనించిన దుంగల్లో ఊడిరానివాటిని లోపలే వదిలేసి, దారికి అడ్డంగా రెండు కర్రలు ఇంటూ ఆకారంలో కడతారు. లోపల సరిగా శుభ్రం కాని చోటు ఉంది, దాన్ని వదిలి పని చేసుకోండి అని దాని అర్థం. నా మెమరీ ముక్కలకూ అదే సరిగ్గా సరిపోతుందనిపించింది. తెర మూలన చిన్న ఇంటూ, పక్కన అంకె పెట్టాను. గని భాషలోనే మాట్లాడుతోంది మన డబ్బా అని బావ మురిసిపోయాడు.

డబ్బా గనిలోకి దిగిన మొదటిరోజు ఫస్టు షిఫ్టులోనే తీగకు చెమ్మ తగిలింది. కెర్నల్ నేను చెప్పినట్టే చేసింది. ముక్కను పక్కకు పెట్టి, మిగతావి వెనక్కి తీసుకుని, కొలత ఆపకుండా సాగింది. గ్యాసు అంకె సరిగ్గానే ఉంది. మూలన ఇంటూ వెలిగింది.

బృందం వెంటనే పని ఆపింది. అడ్డ కర్రలు కనిపిస్తే దాటకూడదన్నది వాళ్ళకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఒంట్లో పట్టిన సంగతి. అవి దారిలో ఉన్నాయా తెరలో ఉన్నాయా అని వాళ్ళు చూడలేదు. బృందాన్ని చూసుకునే సర్దారు అందరినీ వెనక్కి నడిపించి గాలి బాగా ఆడే చోట కూర్చోబెట్టాడు. పైనుంచి అధికారి దిగి, గ్యాసు లేదని తేల్చి, వాళ్ళను లేపేసరికి షిఫ్టు అయిపోవచ్చింది. ఆ రోజు అక్కడ బొగ్గు రాలేదు.

సాయంత్రం చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఆ బృందంలోని ఒకాయన నన్ను గుర్తుపట్టాడు.

"దొరా, మీ డబ్బా మంచిగున్నది. రోజు గిట్లనే పంపున్రి, కూసున్న కాడికే మస్టరు పడ్తది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

మర్నాడు ఆ అధికారి మమ్మల్ని పిలిపించాడు. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, కోపం లేకుండా మాట్లాడాడు. డబ్బా కొలత తనకు నచ్చిందన్నాడు. ఇంటూ తీసేసి వేరే గుర్తు పెడతానని నేను చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఏ గుర్తూ వద్దండి. ఆ అంకె కూడా వద్దు. అది ఏమిటని ఒకడు అడుగుతాడు, సాయంత్రానికి యూనియన్ అడుగుతుంది. లోపల మీరు ఏం పక్కన పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. పైకి కనిపించకూడదు, అంతే."

బావ సరే సార్ అనేశాడు. నేను అననని చెప్పాను. అంకె లేకపోతే చోటు అయిపోయేదాకా డబ్బా పట్టుకున్నవాడికి ఏమీ తెలియదని, అప్పుడు అది బొగ్గు తీసే చోటనే మూగబోతుందని వివరించాను. ప్రతి షిఫ్టు మొదట్లో ఆపి మళ్ళీ వేయిస్తామని ఆయన అన్నాడు. షిఫ్టు మధ్యలో తీగ చెడితే అది చాలదన్నాను. ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. ఆలోచించుకుని చెప్పమన్నాడు. ఆలోచించేదేమీ లేదని అక్కడే చెప్పి లేచాను.

గేటు బయట బావ బండి తీయకుండా నిలబడ్డాడు.

"ఒక్క లైను, బామ్మర్ది. తెర మీద చూపెట్టే ఆ ఒక్క లైను తీసెయ్. కెర్నల్ నీదే, పద్ధతి నీదే. ఏది పోతది?"

ఏది పోతుందో లోపల ఇప్పుడే చెప్పి వచ్చాను. రెండోసారి చెప్పడం నాకు అలవాటు లేదు. నడిచి ఇంటికి వచ్చాను.

ఆ రాత్రి అక్క ఫోను చేసింది. బావ అన్నం తినలేదని, పిల్ల కాలేజీ సంగతి ఇంకా తేలలేదని చెప్పింది. నన్ను బతిమాలలేదు. మా ఇంట్లో ఎవరూ బతిమాలరు. "నాయిన గూడ గిట్లనే లేసి వచ్చిండు, యాదికున్నదా?" అని మాత్రం అంది. యాదికి ఉందన్నాను. తనే ఫోను పెట్టేసింది.

లైను తీయలేదు. ఆ గనివాళ్ళు బయటి నుంచి వేరే డబ్బాలు తెప్పించుకున్నారు. వాటి మరమ్మతు పని చూడడానికి బావ కుదిరాడు. మా గది ఖాళీ చేస్తున్నరోజు సామాన్లలో తన వంతు తీసుకుపోవడానికి ట్రాలీ ఆటోతో వచ్చాడు. అతుకులు పెట్టే బల్ల, దీపం, తీగల చుట్టలు దించుకున్నాం. మెట్ల మీద ఒకరికొకరు తగలకుండా తప్పుకుంటూ ఎక్కి దిగాం. ఆటో నిండాక అడిగాను, ఆ డబ్బాలు తిరిగిరాని మెమరీని ఏం చేస్తున్నాయని.

"ఏమో. చూపెట్టయి."

"విప్పి చూడలేదా?"

"విప్పొద్దన్నరు. ఆగిపోతే మల్ల చాలు చేసి ఇయ్యమన్నరు."

"ఆగిపోతున్నాయా?"

బావ తాడు ముడి బిగిస్తూ నా వైపు చూడలేదు. "ఒక్కోపారి," అన్నాడు.

ఆ ఒక్కోసారి ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది పక్కన అని అడగాల్సింది. అడిగితే ఆయన చెప్పాలి, చెబితే ఆ పని మానుకోవాలి, మానుకుంటే అక్క ఇల్లు ఎట్లా గడవాలి. అడగలేదు. ఆటో టైర్ల దుకాణం ముందు నుంచి మలుపు తిరిగింది. అక్కడే ఫస్టు షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు ఇద్దరు బండికి గాలి కొట్టించుకుంటున్నారు. కొత్త డబ్బా తెర మీద గ్యాసు అంకె తప్ప ఇంకేం కనిపించదని, చూడడానికి నీటుగా ఉందని ఒకడు ఇంకొకడితో చెబుతున్నాడు.