కొడుకు మీద వేసిన ఈల

ఇటలీలోని పార్మా ఊరి ఒపేరా శాలలో పై గ్యాలరీ జనమంటే పాటగాళ్లకు వణుకు. అక్కడ ఈల పడిందంటే మెచ్చుకున్నట్టు కాదు, దిగి పొమ్మన్నట్టు. ఆ ఈలల్లో మొదటిది ఎప్పుడూ మంగలి అర్నాల్దోదే. "నా చెవికి చుట్టాల్లేరు" అనేవాడు గర్వంగా. మిలాన్ నుంచి వచ్చిన ఒక గాయని అతని ఈల దెబ్బకి ఏడుస్తూ లోపలికి పరుగెత్తితే, ఆ కథ ఏడాదిపాటు దుకాణంలో చెప్పుకున్నాడు.

అతని కొడుకు లిబెరోకి మంచి గొంతు. తల్లి ఇనెస్ నలుగురి బట్టలుతికి వాడికి సంగీతం చెప్పించింది. చిన్నాచితకా ఊళ్లలో పాడి పాడి, ముప్ఫై దాటాక సొంతూరి వేదిక ఎక్కే రోజొచ్చింది.

ఆ వారమంతా అర్నాల్దోని జనం పొడుచుకుతిన్నారు.

"ఏం అర్నాల్దో, ఈసారి నోట్లో గుడ్డ కుక్కుకుంటావా?" అన్నాడు రొట్టెలు కాల్చే ప్రీమో.

"కొడుకైతే మటుకు? తప్పు తప్పే."

మొదటి అంకం బాగా గడిచింది. ఇనెస్ చేతులు జోడించుకునే కూర్చుంది. రెండో అంకంలో పెద్ద పాట. లిబెరో పైస్వరానికి ఎక్కుతున్నాడు. గ్యాలరీలో అందరూ వేదికని వదిలేసి తన మొహంలోకే చూస్తున్నట్టనిపించింది అర్నాల్దోకి. స్వరం పిసరంత వణికింది. వణికిందనుకున్నాడు. వేళ్లు వాటంతటవే నోట్లోకి వెళ్లాయి.

ఒక ఈల. దాని వెనకే గ్యాలరీ అంతా. కన్నతండ్రే వేశాక ఇంకెవరికి మొహమాటం? లిబెరో తలెత్తి చూశాడు. ఆ ఈల వాడు ఉయ్యాలనాటి నుంచి ఎరిగిందే. పాట అక్కడే తెగిపోయింది.

మెట్లు దిగుతుంటే ప్రీమో చెయ్యి పట్టుకున్నాడు. "నిజం చెప్పు, ఎందుకేశావ్?"

"వణికిందిగా! వినలా?"

"నాకేం వినబళ్లేదయ్యా. నువ్వేశావని నేనూ వేశా."

ఇంటికెళ్తే ఇనెస్ ఒక్క మాటే అంది. "పరాయివాడి కొడుకైతే ఆ స్వరం పూర్తయ్యేదాకా ఆగేవాడివి."



లిబెరో టమాటాలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనికి చేరాడు. మళ్లీ కూనిరాగం కూడా తియ్యలేదు. ఇనెస్ చనిపోయిన ఏడాది, అర్నాల్దో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపుకాశాడు. టమాటా మరకల చొక్కాతో కొడుకు సైకిల్ నడిపించుకుంటూ బయటికొచ్చాడు.

"లిబెరో... ఆనాడు నీ స్వరం బాగానే ఉందిరా."

"తెలుసు నాన్నా. పాడింది నేనేగా" అని లిబెరో సైకిలెక్కాడు.