ఇద్దరు మామలు

సిద్ధమ్మ కువైట్‌లో దిగిన మొదటిరోజే నవ్వు ఆగక చచ్చింది. ఇంటామెను ఏమని పిలవాలని అడిగితే, పనికి కుదిర్చిన ముజీబ్ "మామా అను, చాలు" అన్నాడు. అరబ్బీలో అమ్మ అని అర్థమంట. అర్థం ఏదైతేనేం, సిద్ధమ్మకు మామ అంటే ఈ భూమ్మీద ఒక్కడే. రాయచోటి పక్క పల్లెలో మేకలు తోలుకునే బాలసుబ్బయ్య. మొదట మేనమామ, ఆనక మొగుడు. పాలపళ్లు ఊడకముందు నుంచీ నోట్లో ఉన్న పిలుపు అది. దాన్ని తీసుకొచ్చి ఒక తెల్ల ముసలామెకు తగిలించమంటే ఎట్లా? వారం రోజులు పిలుపే లేకుండా, దగ్గుతూ, గిన్నెలు చప్పుడు చేస్తూ నెట్టుకొచ్చింది.

ఫోన్‌లో ఈ ముచ్చట చెబితే బాలసుబ్బయ్య పడీపడీ నవ్వినాడు. నేనుండంగానే ఇంకో మామను ఎతుక్కున్నావంటనే అని ఎగతాళి చేసినాడు. అది మొదలు పదకొండేళ్లు ప్రతి శుక్రవారం అదే పరాచికం. ముందు ఆ మామ బాగుండాదా అని అడిగేవాడు. ఈ మామ సంగతి ఆ తర్వాతే.

ఆ మామ పేరు హానర్. సబా అల్ సలేంలో కొడుకు ఫహద్ ఇంట్లో, కింది గదిలో ఉండేది. ఇప్పుడు ఎనభై దాటినాయి. పుట్టింది ఐర్లండులో. అయితే ఆమె ముత్తాతల ముత్తాతలు ఇంగ్లండు నుంచి వచ్చి, అక్కడి భూములు పట్టుకుని పెద్దోళ్లయినవాళ్లు. అందుకని ఐర్లండులో వీళ్లను ఇంగ్లీషోళ్లనేవాళ్లు, ఇంగ్లండు పోతే ఐర్లండోళ్లనేవాళ్లు. కువైట్ వచ్చినాక ఇక్కడోళ్లు కూడా అరవై ఏళ్లుగా విదేశీ ఆమె అనే అంటున్నారు. ఏ ఊరూ నాది అనుకోనియ్యలేదు పాపం.

ఆమె నాయన లార్డు. నలభై గదుల ఇల్లు, లాయం నిండా గుర్రాలు, అన్నం బల్ల కింద కుక్కలు. నలభై గదులు ఎవరు ఊడ్చేవాళ్లని సిద్ధమ్మ అడిగితే, పదకొండుమంది పనోళ్లుండేవాళ్లని చెప్పింది. వాళ్ల పేర్లేంటంటే, కాసేపు ఆలోచించి, ఒక్కరిదే గుర్తుందని తల దించుకుంది. ఇంకో రోజు చెప్పిందే సిద్ధమ్మకు బాగా నచ్చింది. అంత ఇంటికీ కప్పు కారేదంట. వానొస్తే వసారా పొడుగునా బకెట్లు పెట్టేవాళ్లంట. మా రేకులిల్లూ అంతే మామా, మేమైతే చెంబులూ తపేలాలూ పెడతాం అని సిద్ధమ్మ అంటే, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వినారు. ఇద్దరిదీ అరువు అరబ్బీయే. అయినా నవ్వు దగ్గర ఎప్పుడూ తడబడలేదు.

ఇరవై రెండేళ్లప్పుడు హానర్, డబ్లిన్‌లో డాక్టరు చదువుతున్న కువైట్ పిల్లగాణ్ని చేసుకుంటానంది. నాయన అరవలేదు, కొట్టలేదు. ఈ గడప దాటితే మళ్లీ దాటాల్సిన పని లేదని మాత్రం చెప్పినాడు. పెద్దింటోళ్ల కోపం చూడండి, గొంతు లేవకుండానే కొంపలు కూలుస్తుంది. ఆ పిల్ల గడప దాటింది. ముగ్గురు బిడ్డల్ని కనింది. మళ్లీ ఆ ఇంటి ముఖం చూడలేదు. పెళ్లయిన తొమ్మిదో ఏట అన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాయన పోయినాడు, మట్టి చేసి కూడా పన్నెండు రోజులయిందని. కింద ఇంకో రెండు వరసలున్నాయి. చివరి మూడు రోజులూ నిన్నే పిలిచినాడు, దారిలో ఉంది, వస్తా ఉందని చెప్తా వచ్చినాం అని.

ఆ ఉత్తరం బిస్కట్ల డబ్బాలో దాచుకుంది. కబురు పెట్టి ఉంటే రెండు రోజుల్లో అక్కడ ఉండేదాన్నని, ఒక్క తంతి ఇవ్వడానికి వాళ్లకేం వచ్చిందని, నిన్నగాక మొన్న జరిగినట్టు ఏడ్చేది. మొగుడు పోయినాడు, అన్న పోయినాడు, నలభై గదుల ఇల్లు అమ్ముడుపోయి హోటలయింది. ఆ రెండు వరసలు మాత్రం ఆమెను వదల్లేదు.

మూడేళ్ల కిందట మతిమరుపు పట్టుకుంది. మాటలు పోయినాయి, మనుషులు పోయినారు, కొడుకును కూడా ఎవరో దొరగారనుకునేది. ఎవరు ముద్ద పెట్టినా మూతి బిగించేది. సిద్ధమ్మ చేత్తో పెడితేనే తినేది. అదీ ఏం తినేదనుకున్నారు? రాగి సంగటి, ఇంత నెయ్యేసి. లార్డుగారి బిడ్డ సంగటి ముద్దలు మింగతా ఉందంటే బాలసుబ్బయ్య నమ్మలేదు. వీడియో పంపితే తప్ప నమ్మలేదు.

అప్పటికే ఆయనకు రెండు కిడ్నీలూ చెడిపోయినాయి. వారానికి మూడుసార్లు రాయచోటికి పోయి రక్తం శుద్ధి చేయించుకునేవాడు. ఒక్క నెలలోనే మనిషి సగమయినాడు. సిద్ధమ్మ ఫహద్ ముందు నిలబడి, మా ఆయన్ను చూసి రావాలని అడిగింది. ఆయన మంచోడే. వెంటనే టికెట్ తీసినాడు, పాస్‌పోర్ట్ చేతికిచ్చినాడు, ఇంకో పనామెను తెచ్చినాడు. ఆ వచ్చినామె శ్రీలంక మనిషి, ఓపికస్తురాలు. ఎంత బతిమాలినా ముసలామె ముద్ద ముట్టలేదు. రెండు రోజులు నీళ్లతోనే పడుకుంది. మూడో పొద్దు సిద్ధమ్మకు మనసు ఒప్పలేదు. కొత్తామె చేతికి కాస్త అలవాటు చేసి పోతానని, టికెట్ ఇంకో వారం తర్వాతకు మార్చమని తన నోటితో తనే ఫహద్‌ను అడిగింది. ఎవరూ బలవంతం చేయలేదు. అదే ఆమెను ఈ పొద్దుటికీ కోస్తా ఉంది.

బాలసుబ్బయ్యకు ఫోన్ చేసి, భయపడతానే చెప్పింది. ఆయన గొంతు పీలగా ఉంది.

"ముందు ఆ మామకు తిండి పెట్టి రాయే. ఈ మామ యాడికి పోతాడు?"

ఆ ఫోన్ చేసిన నాలుగో రోజు, పొద్దున పదింటప్పుడు, సిద్ధమ్మ వంటింట్లో సంగటి కెలుకుతా ఉంటే కూతురు మునిలక్ష్మి ఫోన్ చేసింది. తెల్లవారుజామున పోయినాడని చెప్పి, కాసేపు ఏడ్చి, ఏడుపు ఆపుకుంటా ఇంకో మాట చెప్పింది.

"రెండు రోజులుగా నిన్నే అడిగినాడుమా. విమానం ఎక్కింది, వస్తా ఉందని చెప్తా వచ్చినాం."

సిద్ధమ్మ తెడ్డు సంగట్లోనే వదిలేసింది. గోడకు ఆనుకుని కిందికి జారి, రొమ్ము బాదుకుంటా, "మామా... మామా..." అని ఇల్లు అదిరేటట్టు అరిచింది. వదినా మరదళ్లు లేరు, పట్టుకుని ఏడ్వడానికి ఊరి మనిషి ఒక్కరూ లేరు. ఆ ఒక్క పిలుపే ఉంది.

వసారాలో గోడ తడుముకుంటున్న చప్పుడు వినిపించింది. ఐదు నెలలుగా మనిషి సాయం లేనిదే మంచం దిగని ముసలామె, ఒక కాలికే చెప్పుతో, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. వెనకాల కొత్తామె చేతులు చాపుకుని పరిగెత్తుకొస్తా ఉంది. ముసలామె ఆయాసపడతా సిద్ధమ్మ వైపే చూసింది. నెలల తర్వాత నోట్లోంచి తిన్నగా అరబ్బీ వచ్చింది.

"వచ్చేసినాను. పిలిచినావు కదా, వచ్చేసినాను. ఆలస్యం కాలేదు కదా?"

సిద్ధమ్మకు బిస్కట్ల డబ్బాలోని ఆ రెండు వరసలు గుర్తొచ్చినాయి. ఈమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఏం లాభం? తెలుగులోనే అంది.

"లేదు మామా. టయానికే వచ్చినావు."

ఏం అర్థమయిందో ఏమో, ముసలామె తలూపింది. కొత్తామె చెయ్యి పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడింది. సిద్ధమ్మ ఆమె ఒడిలో తల పెట్టుకుని మళ్లీ ఏడ్చింది. పొయ్యి మీద సంగటి మాడిపోతా ఉంటే కొత్తామె లేచి ఆర్పేసింది. మామా, మామా అని సిద్ధమ్మ ఎన్నిసార్లు పిలిచిందో లెక్క లేదు. పిలిచిన ప్రతిసారీ ముసలామె, ఇక్కడే ఉన్నా అని పలుకుతానే ఉంది.