తాతయ్య గదిలో స్పీకరు పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో ఒకచోట, దాని గొంతు ఇంకోచోట ఉండేవి. రేడియో వసారాలో బల్ల మీద. అక్కణ్ణించి దూలం వెంబడి వైరు లాగి, లోపల మా తాతయ్య పడుకునే గదిలో గోడ గూట్లో స్పీకరు పెట్టె పెట్టారు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. ఊళ్ళోకి కరెంటొచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు.

తాతయ్యకి పక్షవాతమొచ్చి ఎడంపక్క పడిపోయింది. చెవులు కూడా మందగించాయి. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో పద్యాలు పాడేవాడట. ఎక్కడ పద్యం చెవిన పడ్డా ఆయన కుడిచేతి వేళ్ళు వాటంతటవే తాళం వేసేవి. నేను మంచం పట్టె మీద కూచుని నా అరచెయ్యి ఆయన చేతికింద పెట్టేదాన్ని. చక్కిలిగింతలు పుట్టేవి.

ఆ పెట్టె కొన్ననాడు నేనూ నాన్న వెంట గుంటూరు వెళ్ళాను. కొట్టతను రెండు పెట్టెలు మోగించి చూపించాడు. చిన్నదాంట్లో ఒక్కో మాటా విడివిడిగా వినిపించింది. పెద్దది మోగితే కింద చెక్కబల్ల అదిరింది. "పెట్టేది ఎంత గదిలోనండీ? మాట తెలియాలంటే చిన్నదే నయం" అన్నాడతను. "గదితో నీకేం పనయ్యా, మా పెద్దాయనకి వినబడాలి. పెద్దదే కట్టు" అన్నాడు నాన్న. చెవుడంటే చప్పుడు చాలకపోవడమేనని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం.

తెచ్చి గూట్లో పెడితే బాగానే పలికింది. అది పత్తి తీతల కాలం. తాతయ్య మంచం పట్టేంత చోటు వదిలి, గదంతా దూలాల దాకా పత్తి పోసి ఉంది. ఆ పత్తి మధ్యన పాట మెత్తగా, ఎవరో మంచం పక్కన కూచుని పాడినట్టు ఉండేది. తాతయ్య వేళ్ళు ఆడేవి. అదంతా పెద్ద పెట్టె గొప్పతనమనుకుని నాన్న మురిసిపోయాడు.

అప్పుడే చీరాల నుంచి కార్డొచ్చింది. తాతయ్యతో కలిసి నాటకాలాడిన స్నేహితుడు, మగ్గం నేసే ఆయన రాశాడు. నా చదువు మూడో తరగతే అయినా ఇంట్లో కార్డులు చదివేది నేనే. తాతయ్య చెవి దగ్గర గట్టిగా చదివి వినిపించాను. "ఒరేయ్, వచ్చే ఆదివారం మధ్యాహ్నం రేడియోలో పాడుతున్నాను. పావుగంట ఇచ్చారు. గొంతు మునుపట్లాగే ఉందో, మేకలా అరిచానో విని రాయి. ఇంకెవరు మెచ్చుకున్నా నేను నమ్మను." తాతయ్య ఆ కార్డు దిండు కింద పెట్టుకుని, ఇంకా ఎన్ని రోజులే అని రోజూ నన్ను అడిగేవాడు.

నాన్నకి సంబరం ఆగలేదు. ఆదివారానికి గది కళకళలాడాలని, మంచి ధర కోసం ఆపిన పత్తిని కూడా ముందే బళ్ళకెత్తించి పంపేశాడు. గది కడిగించి, పిడుగురాళ్ల సున్నం తెప్పించి వెల్ల వేయించాడు. ఆ ఆదివారం వీధి వీధంతా మా ఇంటికొచ్చింది. పెద్దాయనకి గాలాడదని అందరినీ వసారాలోనే ఆపి, నన్నొక్కదాన్నే గదిలోకి పంపాడు.

పాట మొదలైంది. మొదలైందని తెలిసిందే గానీ అది పాటలా లేదు. బావిలోకి తలపెట్టి అరిచినట్టు ఒక మాట మీద ఇంకో మాట పడిపోతోంది. "పెంచమనవే" అన్నాడు తాతయ్య. పరుగెత్తి చెప్పాను. పెంచితే గోడలన్నీ గుయ్యిమన్నాయి. తగ్గిస్తే అసలే లేకుండా పోయింది. నాన్న వసారాకీ గదికీ మధ్య చెమటలు కక్కుతూ తిరుగుతున్నాడు. "వైరు ఎక్కడో వదులైందేమోరా" అని ఒకరు, "కొత్త పెట్టె కదా, వేడెక్కాలి" అని ఇంకొకరు. "చీరాల నుంచి ఎదురుగాలేమోరా" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. నా అరచేతిలో తాతయ్య వేళ్ళు కదల్లేదు.

అప్పుడు గడప అవతల నిలబడ్డ టీచరమ్మ నోరు విప్పింది. మా బడిలో చదువు చెప్పేది, చర్చి పక్కింట్లో ఉండేది. "గది ఖాళీ అయిపోయిందండీ, అందుకే. మా చర్చిలో నలుగురే ఉన్న రోజు పాస్టరు గారి మాట ఒక్కటీ తెలియదు. జనం నిండితే అదే గొంతు చక్కగా వినిపిస్తుంది. బొంతలు వెయ్యండి, మనుషుల్ని లోపలికి రానివ్వండి. ఆ పెట్టె గూట్లోంచి తీసి, తాతగారి చెవి ఎత్తుకి పీట మీద పెట్టండి."

"ముందే చెప్పకపోయావా అమ్మా!" అన్నాడు నాన్న.

"నన్నెవరూ అడగలేదండీ. లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడ్డాను" అందామె.

అమ్మ బొంతలు మోసుకొచ్చి గోడలకి వేలాడేసింది. జనం లోపలికొచ్చి కూచున్నారు. నాన్న పెట్టె దించి, పీట మీద పెట్టి తాతయ్య వైపు తిప్పేసరికి గొంతు తేటగా వినిపించింది. అది పద్యాలు అయిపోయాయని చెబుతున్న ఆడమనిషి గొంతు. తర్వాత ఎవరో మిరప తెగుళ్ళ గురించి మాట్లాడారు. అది మాత్రం ముక్క పోకుండా తెలిసింది.

నాన్న మంచం పక్కన కూలబడి "వినపడిందా నాన్నా?" అన్నాడు.

తాతయ్య తల ఊపాడు. "ఎందుకు వినపడలేదురా! బ్రహ్మాండంగా పాడాడు వెధవ" అన్నాడు. నాన్న ముఖం వెలిగిపోయింది. నేను నోరు తెరవబోయాను. ఇందాకటి నుంచీ కదలని ఆ వేళ్ళు నా చేతిని గట్టిగా నొక్కాయి.

మర్నాడు నాన్న చేలోకి వెళ్ళాక తాతయ్య నా చేత కార్డు రాయించాడు. "ఒరేయ్, నీ పాట మా ఇంటిదాకా వచ్చింది గానీ నా చెవిదాకా రాలేదు. మావాడు నాకోసం ఇల్లు తలకిందులు చేశాడు, వాడికి తెలియనివ్వకు. ఓపికుంటే ఒకసారి నువ్వే వచ్చి పాడిపో." నాన్న కంటపడకుండా దాన్ని టీచరమ్మ చేత పోస్టు చేయించాను. పదిరోజులకి జవాబొస్తే నేనే అందుకున్నాను. "నా కాళ్ళూ నీ కాళ్ళలాగే ఉన్నాయిరా. బస్సెక్కలేను." మళ్ళీ చదవమన్నాడు తాతయ్య. మళ్ళీ చదివాను. అందులో ఇంకేం లేదు.

తర్వాత ఆ పెట్టె పీట మీదే ఉండిపోయింది, గోడలకి బొంతలూ ఉండిపోయాయి. తాతయ్య ఎన్నో పద్యాలు విన్నాడు. ఆ స్నేహితుడి గొంతు మాత్రం మళ్ళీ రేడియోలో రాలేదు. నాన్న పోయేదాకా ఆ ఆదివారం సంగతి అందరికీ చెప్పుకునేవాడు, "ఆఖరికి మా నాన్న విన్నాడండీ" అని. నేను పక్కనే ఉండి ఊరుకునేదాన్ని. అది తప్పో ఒప్పో నాకు ఈనాటికీ తెలియదు.

మొన్న మా మనవడు అరలో పెట్టుకునే చిన్న స్పీకర్లు రెండు తెచ్చాడు. నా చెవులూ ఇప్పుడు తాతయ్య చెవులే. వాటిని గోడ మూలకి నెట్టి, పాట పెట్టి, "వినపడుతోందా నాయనమ్మా?" అన్నాడు. వాడి ముఖం అచ్చం ఆనాటి నాన్న ముఖం. నా తల దానంతటదే ఊగబోయింది. బలవంతాన ఆపుకున్నాను.

"లేదురా. గోడకి కాస్త ఎడంగా, నేను కూచున్న ఎత్తుకి తీసుకురా" అన్నాను. నా చెయ్యి వాడి చేతిలో పెట్టాను. "ఇకమీదట నన్ను అడక్కు. ఈ వేళ్ళు కదిలాయో లేదో చూడు."